మాట చెప్పేవాడి చోటు

ఆ గవర్నర్‌పేట అమ్మాయి ఊసెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. వయసు మీద పడింది, మోకాళ్ళు అరిగాయి, చాలామందిని క్షమించేశాను. ఆవిణ్ణి మాత్రం క్షమించలేదు. ఏం అపకారం చేసిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్కటీ లేదు. అదే నా బాధ. ఏదన్నా చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

డెబ్భై ఏడు ఉప్పెన తర్వాతి సంగతి ఇది. సముద్రం దివిసీమ మీదికొచ్చి, ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయిన కొన్ని వారాలకు, అమెరికా నుంచి ఒక సహాయ సంస్థ ఆఫీసర్లు బెజవాడ వచ్చి దిగారు. తీరం వెంబడి పల్లెల్లో ఇళ్ళు కట్టిస్తామన్నారు. వాళ్ళకు పల్లె పెద్దలతో మాట్లాడిపెట్టే మనిషి కావాలి. నేను అప్పుడు పటమటలో మా పిన్ని ఇంట్లో ఉంటూ ఒక ఆడపిల్లల బళ్ళో ఇంగ్లీషు చెబుతున్నాను. కాన్పుకు వెళ్ళిన టీచరు గారి చోట్లో పెట్టుకున్నారు నన్ను. ఆవిడ బిడ్డనెత్తుకుని తిరిగొచ్చే రోజు దగ్గర పడింది. ఆవిడొస్తే నేను ఇంటికే.

కాబట్టి ఆ ఉద్యోగం నాకు కావాలి. పైగా అది నాకే రావాలి అనుకున్నాను. ఎందుకంటే ఆ తీరం నాది. మా ఊరు అక్కడికి నాలుగు మైళ్ళ లోపలికి ఉంటుంది. మా నాన్న చర్చి బళ్ళో మాస్టారు. ఆ పల్లెల్లో అక్షరం ముక్క వచ్చిన ప్రతివాడూ ఆయన చేత చెవి మెలిపెట్టించుకున్నవాడే. ఉప్పెనకు ముందు ఏడాదే ఆయన పోయాడు. చేపలవేట పల్లెల మర్యాదలు, మాట తీరు, ఎవరి ఇంట్లో ఏ పండక్కి ఏం వండుతారో నాకు తెలుసు. ఇంగ్లీషు తెలుసు. నన్ను కాదని ఇంకెవర్ని పెట్టుకుంటారు?

వాళ్ళు ఇద్దర్ని పెట్టుకున్నారు. నెల రోజులు ఇద్దర్నీ చూస్తామని, ఆ తర్వాత ఏడాది పాటు ఒకర్నే ఉంచుకుంటామని వాళ్ళ పెద్ద ఆఫీసరు చెప్పాడు. ఆయన మనిషి బాగా పొడుగు. జీపులో కూచుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఆయన్ని పొడుగాయన అనే చెబుతాను.

ఆ రెండో మనిషే గవర్నర్‌పేట అమ్మాయి. వాళ్ళ నాన్నకు అక్కడ ఒక లాడ్జీ ఉంది. అమెరికా వాళ్ళు దిగింది ఆ లాడ్జీలోనే. ఈవిడ కౌంటర్లో కూచుని వాళ్ళతో గలగలా ఇంగ్లీషు మాట్లాడిందట, వాళ్ళు ముచ్చటపడిపోయారట. అదీ ఆవిడ అర్హత. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాన్వెంట్లో ఇంగ్లీషు. అవనిగడ్డ దాటి ఎప్పుడూ వెళ్ళలేదని తనే చెప్పింది. పొట్టిగా, గుండ్రంగా ఉండి, చేతికి మగవాళ్ళ వాచీ పెట్టుకునేది. ఏం చెప్పినా ముందు నవ్వేది, తర్వాత వినేది. నాకంటే ఒక్క ఏడాది చిన్నదేమో, మొదటి రోజు నుంచే నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. నేను అడిగానా?

జీపులో ముందు సీటు విషయంలో మాత్రం నేను జాగ్రత్తపడ్డాను. దారి చూపించాలి గనక డ్రైవరు పక్కన, పొడుగాయనకు ఆనుకుని నేనే కూచునేదాన్ని. ఆవిడ వెనక వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ వచ్చేది.

మేము మొదట వెళ్ళిన పల్లె సముద్రపు పాయ ఒడ్డున ఉండేది. ఉండేది అనే అనాలి. తాటాకు పందిళ్ళు, విరిగిన పడవలు, ఒక మూల బోర్లా పడ్డ చర్చి గంట తప్ప ఏమీ మిగల్లేదు. మధ్యలో కాస్త మెరక మీద చాపలు పరిచి పెద్దలు కూచున్నారు. ఇంతకు ముందు మా నాన్నతో వెళ్ళినప్పుడు చూసిన కూటమే. కానీ మనుషులు పల్చబడ్డారు. చాపల మీద మధ్య మధ్య ఖాళీలు ఉన్నాయి. పోయినవాళ్ళ చోట్లు అవి. ఎవరూ అందులోకి జరగరు. ఆ ఇంటి వారసుణ్ణి పెద్దలు పిలిచి కూచోబెట్టేదాకా అవి అలాగే ఉంటాయి.

అన్నిటికంటే కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించిన ఖాళీ ఆ ఊరి పెద్దాయన ఎడమపక్కది. అది మాట చెప్పేవాడి చోటు. ఆ పల్లెలో పెద్ద బయటివాళ్ళతో నోరు విప్పడు. ఆయన చెవిలో చెబుతాడు, ఆ పక్కనున్న మనిషి పైకి చెబుతాడు. పెద్ద నోటి నుంచి వచ్చిన మాటైతే మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి ఉండదు. ఇంకొకడి నోటి నుంచి వచ్చిందైతే రేపు నలుగురూ ఆలోచించి సవరించుకోవచ్చు. ఆ మనిషి, అతని పెళ్ళాం, పిల్లలు, తమ్ముడు, అందరూ ఉప్పెనలో పోయారు. ఆ చోటుకు వారసుడంటూ ఎవరూ లేరు.

పొడుగాయన చాప మీద కూచుని కాళ్ళు తిన్నగా పెద్దాయన వైపు చాపాడు. మోకాళ్ళ నొప్పి, పాపం. కానీ బూట్ల అడుగు పెద్దాయన మొహానికి ఎదురుగా ఉంది. నేను మెల్లగా చెబితే కాళ్ళు ఒక పక్కకు తిప్పుకున్నాడు. ఈలోగా బెల్లం వేసిన నల్ల టీ వచ్చింది. అంత నాశనంలో ఆ బెల్లం ఎక్కణ్ణించి తెచ్చారో. ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. గ్లాసు పట్టుకున్న పెద్దావిడ, అంటే పెద్దాయన భార్య, అలాగే నిలబడిపోయింది.

“ఆయన గ్లాసు కూడా నాకే ఇవ్వండమ్మా. నాకు రెండైతేగానీ చాలదు” అంది గవర్నర్‌పేట అమ్మాయి.

ఎవరో నవ్వారు. ఆ కూటంలో ఆ పూట వినపడిన మొదటి నవ్వు అది. ఆ మర్యాద కాపాడాల్సింది నేను. నా దగ్గర సరైన మాట ఉంది, వెతుక్కుంటున్నాను. ఈలోపు ఆవిడ తాగేసింది.

తర్వాత పొడుగాయన మొదలుపెట్టాడు. “మీకేం కావాలో చెప్పమనండి” అన్నాడు. నేను ఆ మాట అలా ఎలా చెబుతాను? తన మనుషుల ముందు ఒక పెద్దను పట్టుకుని నీకేం కావాలి అని అడిగితే ఆయన్ని బిచ్చానికి కూచోబెట్టినట్టే. ఏం చేస్తే బాగుంటుందో పెద్దలు ఆలోచించి సెలవివ్వాలని అడుగుతున్నారండీ అన్నాను. తల ఊపారు. అంతే. తర్వాత పొడుగాయన, కరకట్ట వెనక, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో కొత్త ఇళ్ళు కడితే ఒప్పుకుంటారా అని అడిగించాడు. మౌనం. ఆయన వాచీ చూసుకున్నాడు. ఇంకో రెండు పల్లెలకు వెళ్ళాలి. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే కదా అన్నాడు నాతో.

కాదని జీపులో వివరంగా చెప్పాను. ఆ పక్క చోటు ఖాళీగా ఉందని, అందులో మనిషి కూచునేదాకా పెద్దాయనకు నోరు లేనట్టేనని, మిగతా వాళ్ళకు ఆయన బదులు మాట్లాడే హక్కు లేదని చెప్పాను. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరనిపించింది నాకే.

“మరి కొత్త మనిషిని ఎన్నుకోవచ్చు కదా?” అన్నాడు పొడుగాయన.

“అవునక్కా, ఎన్నుకోవచ్చుగా?” అంది వెనక నుంచి వేరుశెనక్కాయలావిడ.

ఇద్దరికీ ఒక్కలాంటి బుర్రే ఇచ్చాడు దేవుడు అనుకున్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన ఎన్నిక పెట్టించాడు. నేను వద్దని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. చేతులెత్తమనండి, ఎక్కువ చేతులు ఎవరికి లేస్తే వాళ్ళే మాట్లాడతారు, ఇందులో కష్టమేముంది అన్నాడు. ఆయన దేశంలో కష్టమేమీ లేదు కాబోలు. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. అంతే, అప్పటిదాకా మట్టిబొమ్మల్లా కూచున్న మనుషుల్లో కదలిక వచ్చింది. ఆ చోటు మాకు రావాలంటే మాకు రావాలని మూడిళ్ళ వాళ్ళు లేచారు. పోయినవాడి మేనత్త మనవడినని ఒకడు. మా తాత ఒకప్పుడు ఆ చోట్లో కూచున్నాడని ఇంకొకాయన. మూడో ఇంటాయన, ఊళ్ళో పడమటింటాయన అంటారు, మా నాన్నకు ప్రాణస్నేహితుడు. ప్రతి క్రిస్మస్‌కీ మేము వాళ్ళింటికి అరిసెలు పంపేవాళ్ళం, వాళ్ళు మాకు ఎండు రొయ్యలు పంపేవాళ్ళు. ఆయనా లేచాడు.

“శవాలింకా తేలతానే ఉన్నాయిరా, చోట్లు కావాల్సొచ్చినయ్యా మీకు?” అని ఎవరో ముసలాయన అరిచాడు.

పెద్దాయన కండువా దులుపుకుని భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఖాళీ చాపల ముందు మేము ముగ్గురం మిగిలాం.

తిరుగు దారిలో నేను పొడుగాయనకు గట్టిగానే చెప్పాను. నేను ముందే అన్నానా లేదా అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకొక్కసారి వస్తామని, అప్పుడు కూడా జవాబు రాకపోతే సిమెంటూ కలపా ఇంకో పల్లెకు పంపేస్తామని అన్నాడు. అక్కడైతే మనుషులు గబగబా తలూపుతున్నారట. ఉయ్యూరులో టీ తాగడానికి ఆగాం. మళ్ళీ జీపెక్కేటప్పుడు, కాసేపు మీరు వెనక కూచుని విశ్రాంతి తీసుకోండి అని నాతో అని, గవర్నర్‌పేట అమ్మాయిని ముందుకు రమ్మన్నాడు.

ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా నేను వేరుశెనగ పొట్టు మీద కూచుని ప్రయాణం చేశాను. ముందు వాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఇంజను చప్పుడులో ఏమీ వినపడలేదు. నా గురించే అనుకున్నాను. ఆ రాత్రి మా పిన్ని అన్నం పెడితే కూర బాగాలేదని ఆవిడ మీద అరిచాను. ఆవిడ చేసిన పాపమేముంది?

మూడోసారి ప్రయాణానికి ముందు జీపు ఆటోనగర్‌లో మరమ్మతుకు వెళ్ళి ఆలస్యమైంది. పల్లె చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్దలు అప్పటికే కూచుని ఉన్నారు. ఈసారి ఎవరి మొహంలోనూ మర్యాదకైనా నవ్వు లేదు. పెద్దాయన మొహం చూస్తే, ఇళ్ళు పోతే పోనీ అనుకుని వచ్చినట్టుంది. నేను, పొడుగాయన మామూలు చోట్లో, చాపల ఈ చివర కూచున్నాం. గవర్నర్‌పేట అమ్మాయి ఇంకా రాలేదు. జీపు దిగి పాయ ఒడ్డున దేన్నో చూడ్డానికి వెళ్ళింది.

వచ్చింది, కుంటుకుంటూ. చెప్పు చేతిలో పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ, అబ్బా అమ్మా అంటూ వచ్చింది. తుమ్మముల్లు దిగింది. ఈ చివరిదాకా నడవలేక, వచ్చిన వైపే, చాపల అవతలి పక్కన కాస్త చోటు కనిపిస్తే అక్కడ కూలబడి పాదం ఒళ్ళో పెట్టుకుంది.

పెద్దాయన ఎడమపక్కన. ఆ చోట్లో.

కూటమంతా ఒక్కసారి అటు తిరిగింది. ఆడది పెద్దల వరసలో కూచోవడమే లేదు; మేము బయటి నుంచి వచ్చినవాళ్ళం గనక ఈ చివర కూచోనిచ్చేవాళ్ళు. అందులోనూ ఆ చోట్లో. ఆ క్షణంలో నాకు భయం వేసిందని చెబితే అబద్ధం. నాకు సంతోషం వేసింది. ఒళ్ళంతా పాకింది ఆ సంతోషం. అయిపోయింది, నీ పని అయిపోయింది తల్లీ అనుకున్నాను. నాకు ఈ తీరం తెలుసు, నీకు తెలియదు, ఇప్పుడు అందరూ చూస్తారు అనుకుని, లేచి నిలబడి మరీ అరిచాను.

“లే అక్కణ్ణించి! అది కూచునే చోటు కాదు!”

ఆవిడ ఉలిక్కిపడి ఒక చేతిలో చెప్పూ ఒక చేతిలో పాదం పట్టుకుని లేవబోయింది. పెద్దాయన చెయ్యెత్తాడు. ఆవిడ వైపు కాదు, నా వైపు.

“కూచోనీ” అన్నాడు, ఊరి పిల్లను కసిరినట్టు.

అంతే. ఆవిడ పాదం కేసి చూశాడు. వెనక్కి తిరిగి చూస్తే పెద్దావిడ పిన్నీసు తీసుకుని వచ్చింది. ముల్లు తీసేదాకా కూటం మొత్తం ఎదురుచూసింది. తర్వాత పెద్దాయన తల వంచి, నేను చూస్తుండగా, ఆ అమ్మాయి చెవిలో ఏదో చెప్పాడు.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

“రెండు మైళ్ళు మీకు మంచి దూరమే, మాక్కాదు అంటున్నారండీ” అంది, పైకి, తెలుగులో. “గాలి లేచిందా లేదా, పడవ తాడు తెగిందా లేదా, గుమ్మంలోంచి కనపడాలంట. పడవ కనపడనంత దూరంలో ఇల్లు కడితే, ఆ ఇంట్లో ఎవరూ పడుకోరంట.”

మూడిళ్ళ వాళ్ళూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక్కడూ లేవలేదు. పొడుగాయన నా మోచెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఏమన్నారు, ఏమన్నారు? అంటున్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇన్ని రోజులకు ఆ కూటం నుంచి ఆయన విన్న మొదటి జవాబు అది.

ఆ రోజు తిరుగు దారిలో ఆయన ఆనందం పట్టలేకపోయాడు. ఆ అమ్మాయికి మనుషుల మనసు తెలుసు, అది పుట్టుకతో రావాల్సిన విద్య అన్నాడు. అది ముల్లండీ, ఆవిడ విద్య కాదు, తుమ్మముల్లు అన్నాను. ఆయన అది హాస్యమనుకుని పగలబడి నవ్వాడు. గవర్నర్‌పేట అమ్మాయి మాత్రం నవ్వలేదు. పాదానికి గుడ్డ కట్టుకుని, వేరుశెనక్కాయలు కూడా ముట్టుకోకుండా బయటికి చూస్తూ కూచుంది.

నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు ఆవిణ్ణి కూచోనిచ్చాడో తెలుసుకోకపోతే నా తల పగిలిపోయేలా ఉంది. మర్నాడు ఆదివారం. బస్సెక్కి, చివరి నాలుగు మైళ్ళు నడిచి, ఒక్కదాన్నే ఆ పల్లె వెళ్ళి పెద్దావిడ పక్కన కూచున్నాను. ఆవిడ వల బాగుచేసుకుంటోంది.

“మాస్టారి అమ్మాయివి, ఎండన పడి నడిచొచ్చావేంటే?” అంది.

అడిగేశాను. ఇన్నేళ్ళుగా ఈ తీరం ఎరిగినదాన్ని, మీ కట్టుబాటు తెలిసినదాన్ని, ఆ చోట్లో ఎవరో ఒకర్ని కూచోబెట్టుకోవాలంటే నేను లేనా అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

ఆవిడ వల మీంచి తలెత్తలేదు.

“నువ్వెట్టా కూచుంటావే? మీ అయ్యకీ ఆ పడమటింటోడికీ ఉన్న సావాసం ఊరందరికీ తెలుసు. నువ్వు కూచుంటే ఆళ్ళింటి మడిసి కూచున్నట్టే. మిగతా రెండిళ్ళోళ్ళూ ఊరుకుంటారా? ఆ పిల్ల ఎవురికేమవుద్ది? ఎవురికీ ఏం కాదు. పైగా ఆడపిల్ల. రేపు లేచెళ్ళిపోద్ది. చోటు పోయిందని ఎవురూ ఏడవక్కర్లా.”

“అందుకని ఏమీ తెలియని మనిషినా?”

“తెలవకపోతే మా ఆయన చెవిలో చెప్పిందే చెప్పుద్ది. నీకన్నీ తెలుసు. నువ్వు మధ్యలో నీది కూడా కలుపుతావు.”

తిరిగి నడిచొస్తుంటే మొదట కాస్త ఊరట కలిగింది. ఆవిడ గొప్పతనమేమీ లేదు, ఎవరికీ ఏమీ కాకపోవడమే ఆవిడకున్న అర్హత అనుకున్నాను. ఒక మైలు నడిచాక ఆ ఊరట కాస్తా పోయింది. నేను గర్వపడిన ప్రతిదీ, మా నాన్న పేరు, ఆ అరిసెలు, ఆ రొయ్యలు, నన్ను ఆ చాప మీదికి పోనివ్వలేదు. ఏమీ లేని మనిషి ముల్లు గుచ్చుకుని వెళ్ళి కూచుంది. అసూయ అంటే అప్పటిదాకా నాకు జీపులో సీటు లాంటి చిన్న సంగతి. ఆ ఎండలో నడుస్తుంటే అది జ్వరంలా పట్టుకుంది.

తర్వాతి వారం పెద్దాయన ఆ అమ్మాయి నోటే ఒక షరతు చెప్పించాడు. మా మాట చెప్పే మనిషి మీ జీపులో వచ్చి, మీ జీతం తిని, మా వైపు కూచోవడం కుదరదన్నాడు. అది న్యాయమే. పొడుగాయన తల గోక్కున్నాడు. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, ఏడాది ఉద్యోగం నీకే ఇద్దామనుకుంటున్నానని, ఆలోచించుకోమని చెప్పాడు. నేను జీపుకు ఇవతలి పక్కనే ఉన్నాను. నాకు ప్రతి మాటా వినపడింది. ఆవిడ ఆ మగవాళ్ళ వాచీని చేతి మీద అటూ ఇటూ తిప్పుకుంది.

“నేను బస్సులో వస్తానండీ” అంది. “అక్కను పెట్టుకోండి. అక్కకైతే అన్నీ తెలుసు.”

అలా వచ్చింది నాకు ఉద్యోగం. ముందు సీటూ వచ్చింది, పక్కన పోటీకి ఎవరూ లేకుండా. మా పిన్ని వీధంతా చెప్పుకుంది. గెలిచిన మనిషికి ఉండాల్సిన మొహం నాకు రాలేదు. ఆవిడ వదిలేస్తే దొరికినదాన్ని ఏమంటారు?

ఇళ్ళు ఎక్కడ కట్టాలో తేల్చే కూటం మూడు వారాలు సాగింది. చూసిన వాళ్ళకు వింతగా ఉండేది. పొడుగాయన నాకు ఇంగ్లీషులో చెప్పేవాడు. నేను ఎదురుగా కూచున్న ఆ అమ్మాయికి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన మాట ఆవిడకు ముందే అర్థమయ్యేది. అయినా ఆ చోట్లో కూచున్నాక తనకు ఇంగ్లీషు రానట్టే, నా మొహంలోకే చూస్తూ, నేను ముగించేదాకా ఆగేది. తర్వాత పెద్దాయన చెవిలో చెప్పేది. నవ్వు మానేసింది. పైటను భుజం చుట్టూ కప్పుకుని నిటారుగా కూచునేది. అలా ఉంటే బాగుండేది కూడా, చెప్పకేం.

ఆ కట్టు ఆవిడ ఒక్కసారే తప్పింది. ఇళ్ళను పాయ వైపున్న ఇసక మెరక మీద కట్టమని పెద్దాయన అడిగించాడు. అక్కడికైతే పడవలు కనపడతాయి, నీళ్ళు త్వరగా రావు. పొడుగాయన నేల చూసి, కొలిపించి, అక్కడ కట్టడానికి ప్రయత్నం చేస్తామన్నాడు. ఆ పొద్దంతా వాళ్ళ మొహాలు చూసి నాకు జాలేసింది. అక్కడే కడతారండీ అని చెప్పాను.

“అక్కా” అంది ఆవిడ, అందరి ముందూ. “ప్రయత్నం చేస్తామన్నారు. కడతామనలేదు.”

పెద్దాయన నా వైపు చూశాడు. కోపం లేదు. తెలిసిన సంగతే మళ్ళీ తెలిసినట్టు చూశాడు, అంతే. పొడుగాయన ఏం జరిగిందని అడిగితే చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు మెరక కేసి చూసి, సరే, కడతాం అన్నాడు. ఆ మాట నేను చెప్పాను, ఆవిడ పెద్దాయన చెవిలో చెప్పింది, పెద్దాయన మొదటిసారి పొడుగాయన వైపు తిరిగి తల వంచాడు. అలా ఖాయమైంది ఆ ఊరు. ఖాయం చేయించింది నేను కాదు.

శంకుస్థాపన రోజు పల్లె వాళ్ళు భోజనాలు పెట్టారు. అప్పటికి పాయలో మళ్ళీ వేట మొదలైంది. చాపలు బారుగా పరిచి చేపల పులుసు, అన్నం వడ్డిస్తున్నారు. గవర్నర్‌పేట అమ్మాయి పెద్దావిడ పక్కన ఇరుక్కుని కూచుంది. ఇంకా వెయ్యమనో వద్దనో పోట్లాడుతోంది. పెద్దావిడ ఆవిడ నెత్తిన ఒకటి మొట్టి మరీ వడ్డించింది. నేను చెప్పులు విడిచి చాప చివర కూచోబోయాను.

“అయ్యో, కిందెందుకండీ?” అంది పెద్దావిడ, గబగబా లేచి. “అటు రండి. మీక్కుర్చీ ఏయించాం.”

మా నాన్న పనిచేసిన బడి నుంచి నాలుగు కుర్చీలు తెప్పించారు. మూడు అమెరికా వాళ్ళకు, ఒకటి నాకు. వెళ్ళి కూచున్నాను. నా ఒళ్ళో స్టీలు పళ్ళెం పెట్టి, ముళ్ళు లేని ముక్కలు ఏరి వడ్డించారు, వాళ్ళకు పెట్టినట్టే.

కింద చాపల మీద ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. చెయ్యి ఊపి, పక్కనున్న వాళ్ళతో ఏదో అంది. బారు మొత్తం ఘొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. పొడుగాయనకు కూడా నవ్వొచ్చింది, ఎందుకో తెలియకుండానే. నా వైపు వంగి, “ఏమంటోంది?” అని అడిగాడు.

ఆవిడ మాట్లాడింది తెలుగే. గాలి కూడా అటు నుంచి ఇటే వస్తోంది.

నాకు వినపడలేదని చెప్పాను.